లాక్: ఏటిగట్టు చాటున చైనావాళ్ళు కట్టుకున్న ఊరు (తరచుగా అడిగే ప్రశ్నలు)

శాక్రమెంటో, ఫోల్సమ్, బే ఏరియాల్లో ఉండే తెలుగువాళ్ళు శాక్రమెంటో నది డెల్టా వైపు షికారు వెళ్తే దారిలో తగిలే ఊరు లాక్. అరగంటలో చూసి వచ్చేయొచ్చు, కానీ వచ్చాక సందేహాలు మొదలవుతాయి. అడిగేవాళ్ళు మారినా ప్రశ్నలు మారడం లేదు కాబట్టి వాటిని ఇక్కడ ఒకచోట పెట్టాం. ఎక్కడి నుంచైనా చదవొచ్చు.

## ముందు ఊరి సంగతి

లాక్ ఎక్కడుంది? ఎంత పెద్ద ఊరు?

కాలిఫోర్నియాలో శాక్రమెంటో నగరానికి దక్షిణంగా సుమారు 30 మైళ్ళ దూరంలో, శాక్రమెంటో నది తూర్పు గట్టును ఆనుకుని ఉంది. పక్క ఊరు వాల్నట్ గ్రోవ్ మైలు దూరం కూడా లేదు. చైనావాళ్ళు ఊరు కట్టుకోవడానికి తీసుకున్న నేల సుమారు 9 ఎకరాలు. మన పల్లెల్లో ఓ మోస్తరు రైతు కమతమంత. ఒక మెయిన్ స్ట్రీట్, దాని వెనక ఇంకో చిన్న వీధి, అడ్డంగా ఒకటి రెండు సందులు, అంతే. ఇప్పుడు ఉండేవాళ్ళు వందమంది లోపే.

‘అన్‌ఇన్‌కార్పొరేటెడ్’ అంటే ఏమిటి? పంచాయతీ కూడా లేదా?

లేదు. మన దగ్గర ఎంత చిన్న శివారు పల్లె అయినా ఏదో ఒక గ్రామ పంచాయతీ కిందకి వస్తుంది, సర్పంచ్ ఉంటాడు. కాలిఫోర్నియాలో సిటీగా ఏర్పడని ఊరికి మేయరూ ఉండడు, కౌన్సిలూ ఉండదు. నేరుగా కౌంటీయే చూసుకుంటుంది. లాక్ విషయంలో శాక్రమెంటో కౌంటీలోని ఐదుగురు సూపర్‌వైజర్ల బోర్డు నిర్ణయాలు తీసుకుంటుంది. శాంతిభద్రతలు కౌంటీ షెరిఫ్‌వి. ఇల్లు కట్టాలన్నా, మరమ్మతు చేయాలన్నా కౌంటీ అనుమతి కావాలి. ఉత్తరాల చిరునామా కూడా వాల్నట్ గ్రోవ్ 95690. ఆ వాల్నట్ గ్రోవ్ కూడా సిటీ కాదు.

ఊరివాళ్ళంతా కలిసి సిటీగా మార్చుకోవచ్చు కదా?

కుదరదు. 20 లక్షల లోపు జనాభా ఉన్న కౌంటీలో కొత్త సిటీ ఏర్పడాలంటే అక్కడ కనీసం 500 మంది నమోదైన ఓటర్లు ఉండాలని కాలిఫోర్నియా చట్టం. లాక్ మొత్తం జనం అందులో ఐదో వంతు కూడా లేరు. ఊరు నిండుగా ఉన్న రోజుల్లో కూడా అక్కడి పెద్దల్లో చాలామందికి పౌరసత్వం లేదు, కాబట్టి ఓటు లేదు.

## ఊరు పుట్టకముందు: గట్ల కాలం

ఆ ఏటిగట్లు వేసింది చైనా కూలీలేనా?

చేత్తో వేసిన తొలి గట్లలో పెద్ద భాగం వాళ్ళదే. డెల్టా అప్పట్లో టూలీ గడ్డి నిండిన బురద నేల. ఆ గడ్డి మన కొల్లేటి జమ్ముకు దగ్గరి చుట్టం. 1850 నాటి చట్టంతో ఫెడరల్ ప్రభుత్వం ముంపు నేలల్ని రాష్ట్రాలకు ఇచ్చింది. రాష్ట్రం వాటిని చవగ్గా అమ్మింది, కొన్నవాళ్ళు గట్లు వేసి సాగులోకి తేవాలి. 1869లో ఖండాన్ని దాటే రైలు మార్గం పూర్తయ్యాక పని పోయిన చైనా కూలీలు ఈ పనికి దొరికారు. 1860–1880 మధ్య వాళ్ళ చేతుల మీదుగా సాగులోకి వచ్చిన నేల సుమారు 88,000 ఎకరాలని లెక్క. చెల్లింపు తరచూ తవ్విన మట్టి లెక్కన, ఘనగజానికి ఇన్ని సెంట్లని ఉండేది. మేస్త్రీ గుత్తకు ఒప్పుకుని కూలీలకు పంచేవాడు. గుర్రాలు బురదలో కూరుకుపోకుండా వాటి గిట్టలకు వెడల్పాటి చెప్పులు కట్టేవారు. 1870ల చివర్లో ఆవిరి డ్రెడ్జర్లు వచ్చాక గట్ల మీద మనుషుల పని తగ్గింది. అప్పుడు ఆ కూలీలే తోటల్లోకి మళ్ళారు.

అంత కష్టపడి వేసిన తొలి గట్లు ఎందుకు తెగిపోయేవి?

వేసిన మట్టి మట్టి కాదు కాబట్టి. డెల్టా లోపలి నేల పీట్, అంటే వేల ఏళ్ళు కుళ్ళిన గడ్డి. దాన్ని ఇటుకల్లా కోసి మూడు నుంచి ఐదు అడుగుల ఎత్తున పేర్చారు. ఎండితే పీట్ కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. తేలిక కాబట్టి వరద ఒత్తిడికి కదిలిపోతుంది. నిప్పంటుకుంటే గట్టే కాలిపోతుంది. తర్వాత డ్రెడ్జర్లతో నది అడుగు నుంచి ఇసుక, బంకమన్ను తోడి పోశాకే గట్లు నిలబడ్డాయి.

పొలాలు నీటిమట్టం కంటే కిందకు ఎలా పోయాయి?

నీరు తోడేసి దున్నగానే పీట్‌కు గాలి తగిలి క్రమంగా ఆవిరైపోతుంది. ఏడాదికి ఒకటి నుంచి మూడు అంగుళాలు దిగిన చోట్లున్నాయి. నూరేళ్ళలో డెల్టా నడిబొడ్డున ఉన్న కొన్ని లంకలు సముద్రమట్టానికి 10 నుంచి 25 అడుగుల కిందకు చేరాయి. లాక్ ఉన్న చోటు అంత లోతు కాదు. నది ఒడ్డున వరద వేసిన ఒండ్రుతో సహజంగానే మెరక ఉంటుంది. డెల్టాలో పాత ఊళ్ళన్నీ ఒడ్డు పట్టుకుని ఉండడానికి కారణం అదే. గోదావరి లంకల్లో ఇళ్ళు మెరక చూసుకుని కట్టినట్టే.

## 1915: ఊరు పుట్టుక

ఊరు ఎందుకు కట్టుకోవాల్సి వచ్చింది?

1915 అక్టోబర్‌లో వాల్నట్ గ్రోవ్‌లోని చైనావాడ అగ్నిప్రమాదంలో కాలిపోయింది. అప్పటికే పక్కన జార్జ్ లాక్ కుటుంబానికి చెందిన పియర్ తోటలో వర్తకుల కట్టడాలు మూడు ఉన్నాయి. 1912లో టిన్ సిన్ చాన్ కట్టిన దుకాణంతో అక్కడ చైనావాళ్ళ వ్యాపారం మొదలైంది. ఇల్లు కాలిన వర్తకులు కొందరు లీ బింగ్ నాయకత్వంలో జార్జ్ లాక్ దగ్గరికి వెళ్ళి, నేల అద్దెకు ఇస్తే కట్టడాలు మేమే వేసుకుంటాం అన్నారు. ఆయన సరేనన్నాడు. ఒప్పందం నోటిమాటే. కొద్ది కాలంలోనే వీధి లేచింది. మొదట ఊరి పేరు లాక్‌పోర్ట్, తర్వాత లాక్ అయింది.

వాల్నట్ గ్రోవ్‌లోనే మళ్ళీ కట్టుకోవచ్చు కదా?

కొందరు కట్టుకున్నారు కూడా. చైనావాడలో రెండు ప్రాంతాల జనం ఉండేవారు. ఇద్దరూ దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ నుంచి వచ్చినవాళ్ళే అయినా ఒక వర్గం తోయిసాన్ వైపుది, రెండోది హ్యాంగ్‌షాన్ వైపుది. మాట వేరు, సంఘాలు వేరు, వ్యాపారాల్లో పోటీ. నిప్పు చల్లారాక తోయిసాన్ వాళ్ళు ఎక్కువగా వాల్నట్ గ్రోవ్‌లోనే ఉండిపోయారు, హ్యాంగ్‌షాన్ వాళ్ళు లాక్‌కు కదిలారు. హ్యాంగ్‌షాన్ చైనాలో క్వోమింటాంగ్ పార్టీని స్థాపించిన నాయకుడు సన్ యట్‌సెన్ పుట్టిన జిల్లా. 1925లో ఆయన పేరు మీదనే దాన్ని ఝాంగ్‌షాన్‌గా మార్చారు. లాక్‌లో క్వోమింటాంగ్ పార్టీకి తొలినాళ్ళ నుంచే సొంత హాలు ఉండడం వెనక ఈ చుట్టరికం ఉంది.

డబ్బున్న వర్తకులు స్థలం కొనకుండా పరాయి నేలలో ఇల్లెందుకు కట్టారు?

కొననివ్వలేదు. 1882 చైనీయుల బహిష్కరణ చట్టం వాళ్ళకు అమెరికా పౌరసత్వం రాకుండా చేసింది. పౌరసత్వానికి అర్హత లేని విదేశీయులు భూమి కొనకూడదని 1913లో కాలిఫోర్నియా చట్టం చేసింది. వ్యవసాయ భూమిని మూడేళ్ళకు మించకుండా కౌలుకు తీసుకునే వీలు మాత్రం మిగిలింది. 1920లో అదీ తీసేశారు. చట్టంలో ఏ జాతి పేరూ ఉండదు. ‘అర్హత లేనివారు’ అన్న ఒక్క మాటతో పని జరిగిపోయింది.

లాక్‌లో కనిపించే ప్రతిదానికీ మూలం ఇక్కడుంది. గోడలు చైనావాళ్ళవి, గోడల కింది నేల వాళ్ళది కాదు. ఊరు ఇంత ఇరుగ్గా ఉండటం, పాతబడటం, పాతబడినా పడిపోకుండా మిగలడం, అన్నిటి వెనకా ఆ ఒక్క సంగతే ఉంది.

ఆ చట్టాలు మన భారతీయులకు కూడా వర్తించాయా?

వర్తించాయి. 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు చట్టం చెప్పే ‘తెల్లవారి’ కిందకు రారని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. దాంతో భారతీయులూ అర్హత లేనివారయ్యారు. శాక్రమెంటో లోయలో సాగు చేస్తున్న పంజాబీలు భూమిని అమెరికన్ల పేర్ల మీద, అక్కడే పుట్టిన పిల్లల పేర్ల మీద పెట్టుకున్నారు. చైనావాళ్ళకు 1943లో, భారతీయులకు 1946లో పౌరసత్వపు దారి తెరుచుకుంది. వలసకు కేటాయించిన సంఖ్య మాత్రం ఏడాదికి చైనావాళ్ళకు 105, మనవాళ్ళకు 100.

నది వైపు నుంచి ఒక అంతస్తే, లోపలి వీధి నుంచి రెండంతస్తులు. అలా ఎందుకు?

రోడ్డు గట్టు మీద ఉంది, మెయిన్ స్ట్రీట్ గట్టు దిగువన ఉంది. మధ్యలో నిలబెట్టిన భవనాల పై అంతస్తు గట్టు రోడ్డు ఎత్తుకు సరిపోయింది, కింది అంతస్తు మెయిన్ స్ట్రీట్‌లోకి తెరుచుకుంది. ఒకే కట్టడానికి రెండు వీధుల్లో రెండు ముఖాలు. కింద దుకాణమో జూదశాలో ఉంటే పైన గదులు. అన్నీ కలప కట్టడాలే. వీధి సన్నం, పై వసారాలు ముందుకు చొచ్చుకుని ఉంటాయి. వేసవి మధ్యాహ్నం నడిస్తే అవి ఎందుకున్నాయో తెలుస్తుంది.

## ఊరు నిండుగా ఉన్న రోజులు

అప్పట్లో ఎంతమంది ఉండేవారు?

స్థిరంగా సుమారు 600 మంది. కోతల కాలంలో వెయ్యి దాటేది, 1,500 వరకు అయ్యేదని చెబుతారు. వసంతంలో ఆస్పరాగస్, జూలై–ఆగస్టుల్లో బార్ట్‌లెట్ పియర్స్. ఆస్పరాగస్ మొలకను రోజూ కోయాలి, ఒక్కరోజు ఆలస్యమైతే ముదిరిపోతుంది. అందుకే చేతులు ఎక్కువ కావాలి. 1920ల్లో ప్రపంచపు ఆస్పరాగస్‌లో 90 శాతం ఈ డెల్టాలోనే పండేదని అంటారు. కూలీలకు గది, తిండి, క్షవరం, మందులు, ఊరికి డబ్బు పంపే ఏర్పాటు, ఆదివారం కాలక్షేపం, అన్నీ లాక్‌లో దొరికేవి. కిరాణా కొట్లు, మూలికల దుకాణాలు, చేపల అంగళ్ళు, స్టార్ థియేటర్, జూదశాలలు, వేశ్యాగృహాలు, అన్నీ ఆ చిన్న వీధుల్లోనే.

డై లాయ్ జూదశాలలో ఏ ఆటలు ఆడేవారు? ఎలా ఆడేవారు?

1916లో తెరిచిన డై లాయ్‌లో ముఖ్యమైనది ఫాన్ టాన్. బల్ల మీద గుండీల కుప్ప పోసి గిన్నె బోర్లిస్తారు. ఆటగాళ్ళు ఒకటి, రెండు, మూడు, నాలుగు అంకెల్లో దేని మీదైనా పందెం కాస్తారు. గిన్నె తీసి సన్నటి పుల్లతో గుండీల్ని నాలుగేసి చొప్పున పక్కకు లాగుతారు. చివర ఎన్ని మిగిలితే అది గెలిచిన అంకె. చేత్తో ముట్టుకోకుండా పుల్లతో లాగడం మోసం లేదని చూపించడానికే. గెలిచినవాడి డబ్బులో జూదశాల తన వాటా కోసుకుంటుంది.

రెండోది పాక్ కాప్ పియు లాటరీ. చీటీ మీద 80 చైనా అక్షరాలు ఉంటాయి, పది గుర్తు పెట్టాలి. నిర్వాహకులు 20 తీస్తారు. ఎన్ని కలిస్తే అంత డబ్బు. నెవాడా కాసినోల్లోని కీనో దీని మనవడే. ఫాన్ టాన్‌కు బల్ల దగ్గర కూర్చోవాలి. లాటరీకి ఆ అవసరం లేదు, చీటీ గీసి పనికి పోవచ్చు. కూలీలకు అది నచ్చింది.

జూదం చట్టవిరుద్ధమే. అయినా పట్టించుకోకుండా దశాబ్దాలు నడిచింది, 1950ల మొదట్లో అధికారులు మూయించారు. ఇప్పుడు అదే భవనం మ్యూజియం.

ఊళ్ళో ఉన్న చైనా బడి ప్రభుత్వ బడేనా?

కాదు. పగలు పిల్లలు వాల్నట్ గ్రోవ్‌లో ఆసియా పిల్లల కోసం విడిగా పెట్టిన బడికి వెళ్ళేవారు. తెల్లవాళ్ళ బడి వేరు. సాయంత్రం లాక్‌లో చైనా భాష, రాత, మర్యాదలు నేర్చుకునేవారు. క్వోమింటాంగ్ హాలులో 1926లో ఈ బడి మొదలైంది. 1954లో వ్యాపారి జో షూంగ్ డబ్బుతో బాగుచేయించి ఆయన పేరు పెట్టారు.

చైనా ఊళ్ళో ఇటాలియన్ పేరుతో బార్ ఎలా వచ్చింది?

లీ బింగ్ నడిపిన రెస్టారెంటును 1934లో అల్ అడామి కొన్నాడు. ఊళ్ళో చైనావాడు కానివాడి తొలి వ్యాపారం అదే. దాని పాత పేరులో ఇటాలియన్లను ఎగతాళి చేసే మాట ఉంది. ఇప్పుడు మర్యాదగా అల్స్ ప్లేస్ అంటున్నారు. స్టేక్‌తోపాటు పీనట్ బటర్ పెట్టడం, గది పైకప్పుకు డాలర్ నోట్లు అంటించడం అక్కడి అలవాట్లు.

ఊళ్ళోని పాత బోర్డింగ్ హౌస్‌లో (గదులు అద్దెకిచ్చి తిండి పెట్టే ఇల్లు) జపనీయుల ఫొటోలు ఎందుకున్నాయి?

1942 వరకు దాన్ని నడిపింది ఓ జపనీస్ కుటుంబం. ఆ ఏడాది పశ్చిమ తీరపు జపనీయులందరినీ ప్రభుత్వం నిర్బంధ శిబిరాలకు తరలించినప్పుడు వాళ్ళూ పోయారు. రాష్ట్ర పార్కుల శాఖ భవనాన్ని బాగుచేసి 2008లో సందర్శకుల కోసం తెరిచింది.

## ఖాళీ అవడం, నేల చేతులు మారడం

ఊరు ఎందుకు ఖాళీ అయింది?

చదువుకున్న పిల్లలు శాక్రమెంటోకు, శాన్‌ఫ్రాన్సిస్కోకు వెళ్ళిపోయారు. ఇది మన పల్లెల కథ కూడా కాబట్టి వివరించక్కర్లేదు. లాక్‌కు ప్రత్యేకమైన కారణం ఇంకొకటుంది. 1875 పేజ్ చట్టం, ఆ తర్వాత బహిష్కరణ చట్టం చైనా స్త్రీల రాకను దాదాపు ఆపేశాయి. కూలీల్లో ఎక్కువమంది పెళ్ళి కాకుండానో, భార్యను అక్కడే వదిలేసో బతికారు. వాళ్ళు ముసలివాళ్ళై పోతే గదులు నింపడానికి రెండో తరం లేదు.

భూమి కొనకూడదన్న చట్టం 1950ల్లో పోయింది కదా, అప్పుడైనా స్థలాలు ఎందుకు కొనుక్కోలేదు?

1952లో సేయ్ ఫుజీ కేసులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఆ భూచట్టాన్ని కొట్టేసింది, 1956లో ఓటర్లు రద్దు చేశారు. కానీ లాక్‌లో కొనడానికి ‘స్థలం’ అన్నదే లేదు. ఊరంతా కలిపి లాక్ కుటుంబం ఆస్తిలో ముక్క. ఏ ఇంటికీ విడిగా సర్వే హద్దు లేదు, పార్సెల్ నంబరు లేదు, దస్తావేజు లేదు. విడగొట్టాలంటే కౌంటీ నిబంధనల ప్రకారం ప్లాటు వేయాలి, మురుగు వ్యవస్థ ప్రమాణాలకు తగ్గట్టు ఉండాలి. ఆ ఖర్చు పెట్టే ఉద్దేశం నేలదారుకు లేదు, అధికారం అద్దెదారుకు లేదు. నేల మీద హక్కు లేని ఇంటికి బ్యాంకు అప్పివ్వదు. అప్పు లేక పెద్ద మరమ్మతు లేదు. వాలిన వసారాల వెనకున్న లెక్క ఇది. పాత కట్టడాల్ని కూల్చి కొత్తవి కట్టే డబ్బు ఎవరికీ లేకపోబట్టే 1915 నాటి వీధి మిగిలింది. దీన్ని సంరక్షణ అనడం కొంచెం అతిశయమే.

లాక్ కుటుంబం తర్వాత నేల ఎవరి చేతుల్లోకి వెళ్ళింది? ఇప్పుడు ఎవరిది?

1977లో లాక్ వారసులు నేలను ఏషియన్ సిటీ డెవలప్‌మెంట్ అనే హాంకాంగ్ మూలాల సంస్థకు అమ్మారు. పర్యాటక కేంద్రంగా మార్చాలన్న వాళ్ళ ఆలోచన ముందుకు సాగలేదు. 2000ల మొదట్లో శాక్రమెంటో హౌసింగ్ అండ్ రీడెవలప్‌మెంట్ ఏజెన్సీ నేల కొని, ప్లాట్లుగా విడగొట్టి, 2004లో ఇంటివాళ్ళకు దస్తావేజులు ఇవ్వడం మొదలుపెట్టింది. ఊరు కట్టిన 89 ఏళ్ళకు. అప్పటికి కట్టినవాళ్ళ వారసులు ఊళ్ళో కొద్దిమందే మిగిలారు.

చారిత్రక స్థలంగా గుర్తింపు ఎప్పుడు వచ్చింది?

1971లో నేషనల్ రిజిస్టర్‌లోకి ఎక్కింది, 1990లో నేషనల్ హిస్టారిక్ ల్యాండ్‌మార్క్ జిల్లా అయింది. రెండోది పై మెట్టు. దేశంలో మిగిలిన గ్రామీణ చైనీస్ అమెరికన్ ఊళ్ళలో ఇంత పూర్తిగా నిలిచినది మరొకటి లేదన్నది కారణం.

## వెళ్తే, వెతికితే

కారులో ఎలా వెళ్ళాలి? ఏం జాగ్రత్తలు?

శాక్రమెంటో నుంచి ఐ-5 మీద దక్షిణంగా వెళ్ళి ట్విన్ సిటీస్ రోడ్డు దగ్గర దిగి పడమరకు తిరగాలి. నది తగలగానే ఎడమకు తిరిగితే రివర్ రోడ్డు లాక్‌కు తీసుకెళ్తుంది. గట్టు రోడ్డుకు పక్క జాగా దాదాపు ఉండదు. ఫొటో కోసం మధ్యలో ఆపకండి, వెనక పండ్ల లారీ ఉండొచ్చు. చలికాలపు ఉదయాల్లో టూలీ మంచు కమ్మితే ముందున్న కారు కూడా కనపడదు, పదకొండు దాటాక బయల్దేరండి. మ్యూజియాలు అన్ని రోజులూ తెరవరు, వారాంతం మేలు. పాడుబడినట్టు కనిపించే ఇళ్ళలో మనుషులు ఉంటున్నారు. తలుపులు తోసి చూడటం, మెట్లెక్కడం తగదు.

లాక్‌కూ వాల్నట్ గ్రోవ్‌కూ మధ్య ఉన్న పెద్ద గేట్లు ఏమిటి?

డెల్టా క్రాస్ ఛానల్ తూములు. 1951లో పూర్తయింది. శాక్రమెంటో నది మంచినీటిని డెల్టా లోపలికి మళ్ళించి దక్షిణాన ఉన్న పంపుల వైపు పంపుతుంది. నదిలో ప్రవాహం 20–25 వేల క్యూసెక్కులు దాటితే దిగువ కోసుకుపోకుండా మూసేస్తారు. సాల్మన్ పిల్లలు దారితప్పకుండా కూడా మూస్తారు.

ఒక భవనం గురించో కుటుంబం గురించో వెతకాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

భవనమైతే ముందు నేషనల్ రిజిస్టర్ నామినేషన్ పత్రం, తర్వాత లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని హిస్టారిక్ అమెరికన్ బిల్డింగ్స్ సర్వే కొలతలు, ఫొటోలు. కౌంటీ భూరికార్డుల్లో 2004కు ముందు వెతికితే ఇంటివాళ్ళ పేరు దొరకదు, నేలదారు పేరే వస్తుంది. చాలామంది ఇక్కడే ఆగిపోతారు.

కుటుంబమైతే జనగణన పుస్తకాలు చూడాలి. 72 ఏళ్ళు నిండాకే బయటపెడతారు కాబట్టి 1950 వరకే అందుబాటులో ఉన్నాయి. ఊరి పేరుతో కాక టౌన్‌షిప్ (కౌంటీలో ఒక విభాగం) పేరుతో వెతకండి. శాన్ బ్రూనోలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో బహిష్కరణ కాలపు వలస ఫైళ్ళున్నాయి. ప్రశ్నోత్తరాలు, ఫొటోలు, ఒక్కోసారి సొంతూరి పటం కూడా ఉంటాయి.

చిక్కంతా పేర్లతోనే. చైనావాళ్ళకూ మనలాగే ఇంటిపేరు ముందు. రాసుకునే గుమాస్తా చివరి మాటను ఇంటిపేరు అనుకున్నాడు. మన అమెరికా ఫారాల్లో జరిగే తికమకే ఇది. 1906 శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపపు మంటల్లో జనన రికార్డులు కాలిపోయాక, పౌరుల కొడుకులమని కాగితాలు కొనుక్కుని వచ్చినవాళ్ళూ ఎందరో ఉన్నారు. వాళ్ళకు కాగితం మీద ఒక ఇంటిపేరు, ఇంట్లో ఇంకొకటి. ఒకే మనిషి రెండు పేర్లతో కనిపిస్తే తప్పని కొట్టేయకుండా రెండూ రాసిపెట్టుకోండి. సమాధి రాయి మీద చైనా లిపిలో ఉన్నదే సాధారణంగా అసలు ఇంటిపేరు.